వ్యవసాయ శాఖలో ఉంటూనే ప్రకృతి సేద్యాన్ని ముందుకు తీసుకెళ్లగలమా? – ఒక విశ్రాంత అధికారి సమాధానం

అమ్మా, మీ ప్రశ్నను నాకు అర్థమైన మేరకు క్లుప్తంగా మళ్ళీ చెబుతాను. మీరు అగ్రికల్చర్ బీఎస్సీ చదివి, కనిగిరి వైపు ఒక రైతు సేవా కేంద్రంలో నాలుగేళ్లుగా వ్యవసాయ సహాయకురాలిగా పనిచేస్తున్నారు. నేలను, పంటను, పశువును, పురుగును, రైతు ఇంటిని కలిపి చూసే వ్యవసాయ జీవావరణ విధానం మీద మీకు నమ్మకం ఉంది. కానీ మీ రోజంతా ఎరువుల బస్తాల లెక్కకూ, ఏ రైతు ఏ పంట వేశాడో ఎక్కించే ఈ-పంట నమోదుకూ సరిపోతోంది. ప్రకృతి సేద్యం మాట ఎత్తితే పై అధికారి ‘అది వేరే విభాగం వాళ్ల పని’ అంటున్నారు. శాస్త్రవేత్తను అడిగితే ‘దానికి మా సిఫారసు లేదు’ అన్నారు. శాఖ లోపల ఉండి దీన్ని నడిపించడం సాధ్యమా, లేక రాజీనామా చేసి ఏదైనా స్వచ్ఛంద సంస్థలో చేరడం మేలా అని అడిగారు.

ఉద్యోగం వదలకండి. సాధ్యమే. శాఖ ఏ పుస్తకం చదువుతుందో ఆ పుస్తకంలో రాయించండి, ఏ తక్కెడను నమ్ముతుందో ఆ తక్కెడలో తూచి చూపించండి. ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో 32 ఏళ్లు వ్యవసాయ అధికారిగా, తర్వాత సహాయ సంచాలకుడిగా పనిచేసి నేను తెలుసుకున్నది ఇంతే. ఇది త్వరగా అయ్యే పని కాదు. నాకు తెలిసిన ఒక్క పద్ధతి పొలం నుంచి కాగితం మీదికి రావడానికి ఐదేళ్లు పట్టింది. అయినా వచ్చింది, నిలిచింది.

ముందు ఆ ‘సిఫారసు లేదు’ అన్న మాట గురించి చెప్పాలి, ఎందుకంటే మీ ఉత్తరంలో ఎక్కువ బాధ అక్కడే కనిపించింది. ఆ శాస్త్రవేత్త మిమ్మల్ని అవమానించలేదు. మన వ్యవస్థలో ఒక విత్తనమైనా, ఒక పద్ధతైనా పరిశోధనా స్థానంలో కొన్నేళ్లు పరీక్షకు నిలవాలి. తర్వాత చిరుసంచుల పేరుతో, అంటే కొద్ది మోతాదులో, పరీక్ష కోసం రైతుల పొలాల్లోకి రావాలి. ఆ ఫలితాలు జోనల్ పరిశోధన, విస్తరణ సలహా మండలి సమావేశం ముందుకు వెళ్ళాలి. అక్కడ ఒప్పుకుంటేనే విశ్వవిద్యాలయం ఏటా వేసే వ్యవసాయ పంచాంగంలో ఒక వాక్యంగా అచ్చవుతుంది. పంచాంగంలో ఉన్నది చెప్పి పంట పోతే అధికారికి రక్ష ఉంటుంది. లేనిది చెప్పి పంట పోతే రైతు ముందూ, పై అధికారి ముందూ ఒంటరిగా నిలబడాలి. నేను అలా నిలబడ్డాను, అది కింద చెబుతాను. కాబట్టి ‘సిఫారసు లేదు’ అంటే ‘నా దగ్గర కాగితం లేదు’ అని అర్థం చేసుకోండి. ఆ కాగితం తయారు చేయడంలో మీరు ఆయనకు సాయపడవచ్చు.

పంచాంగంలో ఇప్పటికే ఉన్నదాంతో మొదలుపెట్టండి. ఈ పని నేను పదేళ్లు ఆలస్యంగా చేశాను. ఒక వానాకాలం సెలవుల్లో కూర్చుని, ఆ పుస్తకంలో రసాయనాలతో పనిలేని ప్రతి వాక్యం కింద గీత గీసుకుంటూ వెళ్ళాను. వరిలో సుడిదోమ అనే రసం పీల్చే పురుగుకు ప్రతి రెండు మీటర్లకూ 20 సెంటీమీటర్ల కాలిబాటలు. వరికి ముందు జీలుగ, జనుము, పిల్లిపెసర వేసి కలియదున్నడం. కొర్రలో కంది 5:1 సాళ్ళు. పొగాకు నారుమళ్ళ చుట్టూ లద్దెపురుగుకు ఎరగా ఆముదం. పక్షి స్థావరాలు, మగ పురుగులను వాసనతో పట్టే లింగాకర్షక బుట్టలు, 5 శాతం వేపగింజల కషాయం. నత్రజని ఎప్పుడు వేయాలో చూసుకోవడానికి ఆకు రంగు పట్టిక. ఇవన్నీ అధికారిక సిఫారసులే. ఒక్కోటి ఒక్కో పేజీలో, ఒక్కో పంట కింద, మందుల జాబితాకు పైనో కిందనో ఒంటరిగా ఉన్నాయి. ఎవరూ వాటిని ఒక దారంతో కలిపి రైతు ముందు పెట్టలేదు, అంతే. మీరు ఆ గీతలు గీసిన వాక్యాలన్నీ ఒక్క పొలంలో ఒక్క పంటకాలంలో అమలు చేయించండి. ఎవరూ మిమ్మల్ని ‘ఇది శాఖ పనేనా’ అని అడగలేరు. జీలుగ విత్తనాన్ని శాఖే రాయితీ మీద ఇస్తోంది కదా.

రైతులు పొలంలోనే పంటను గమనిస్తూ నేర్చుకునే పొలంబడి కూడా అలాంటిదే. చాలామంది సహోద్యోగులకు అది రిజిస్టర్‌లో సంతకాలు పెట్టించే కార్యక్రమంగా మిగిలిపోయింది. దాని పుట్టుక వేరు. ఇండోనేషియాలో సుడిదోమ వరిని ఊడ్చేస్తుంటే, మందు కొట్టేకొద్దీ దోమ పెరుగుతోందని అక్కడి శాస్త్రవేత్తలు గుర్తించారు. మందుకు ముందుగా చచ్చేది సాలీళ్లు, మిరిడ్ నల్లులు. వాటిని తినేవి లేకపోయాక దోమకు అడ్డు ఉండదు. 1986లో అక్కడి ప్రభుత్వం వరి మీద 57 పురుగుమందులను నిషేధించింది. 1989లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో రైతులనే పొలంలో కూర్చోబెట్టి లెక్కపెట్టించే బడులు మొదలయ్యాయి. అంటే ఒక ప్రభుత్వం తన సొంత యంత్రాంగం ద్వారా చేసిన పని అది, బయటి నుంచి ఎవరో ఉద్యమం చేసి తెచ్చింది కాదు. మన పొలంబడి దాని బిడ్డ. రైతులు మొక్క బొమ్మ గీసి, ఎడమ పక్క శత్రు పురుగులు, కుడి పక్క మిత్ర పురుగులు వేసే ఆ చార్టు ఉంది చూశారా, దాన్ని మించిన వ్యవసాయ జీవావరణ పాఠం నాకు తెలియదు. మీ మండలానికి పొలంబడి వస్తే దాన్ని అడిగి మీ గ్రామానికి తీసుకోండి. ప్రతి వారం నడపండి. సంతకాలు చివర్లో పెట్టించుకోవచ్చు.

ఇప్పుడు నా అనుభవంలో అన్నిటికన్నా ఎక్కువ నేర్పిన రోజు గురించి. ఇందుకూరుపేట వైపు, పెన్నా డెల్టాలో ఒక కౌలురైతు. ఎకరన్నర మడిలో మధ్యగా గట్టు వేసి, ఒక పక్క తన మామూలు పద్ధతి, మరో పక్క ప్రకృతి సేద్యం చేశాడు. రెండు పక్కలా ఒకటే విత్తనం, నెల్లూరు మసూరి. ఒకే రోజు నాట్లు. కోతకు ముందు రోజు నేను ఇద్దరిని రమ్మని అడిగాను. ఒకరు అప్పట్లో నాతోనూ ‘సిఫారసు లేదు’ అన్న శాస్త్రవేత్త, పరిశోధన ఫలితాలను రైతులకు చేర్చే కృషి విజ్ఞాన కేంద్రం ఆయనది. రెండోవారు మండల గణాంకాధికారి. ఆయనకు ఈ వాదంలో ఏ పక్షమూ లేదు, ఆయన వృత్తి కొలవడమే. అందుకే పిలిచాను.

పంట కోత ప్రయోగం ఎలా చేస్తారో మీకు తెలుసు. గణాంకాధికారి తన పట్టిక చూసి అడుగులు లెక్కపెట్టుకుంటూ పొలంలోకి దిగి, రైతుకు నచ్చిన చోట కాకుండా అంకె చెప్పిన చోట మేకు కొట్టారు. ఐదు మీటర్లు, ఐదు మీటర్లు. తాడు బిగించి, మూల నుంచి మూలకు కొలిచి చూశారు. తాడు మీద పడిన దుబ్బుల్లో ఏవి లోపల, ఏవి బయట అని కూలీలతో పాటు ఆ శాస్త్రవేత్త కూడా వంగి చూశారు. కోసి, టార్పాలిన్ పట్టా మీద కొట్టి, తూర్పారబట్టి, వేలాడే తక్కెడకు కట్టారు. మామూలు పక్క 15 కిలోల 600 గ్రాములు. ప్రకృతి సేద్యం పక్క 14 కిలోల 100 గ్రాములు. ఎకరానికి లెక్కగడితే దాదాపు 240 కిలోల తేడా. నెల్లూరు లెక్కలో పుట్టి 850 కిలోలు గనుక, పుట్టిలో పావు వంతుకు మించి తక్కువ.

నాతో వచ్చిన ప్రకృతి సేద్యం కార్యకర్త ముఖం వాడిపోయింది. ‘ఇంకో చోట తూద్దాం సర్’ అన్నాడు. వద్దన్నాను. అప్పుడు ఆ కౌలురైతు ఇంటికి వెళ్ళి మందుల దుకాణం చీటీ తెచ్చి, పట్టా మీద, ధాన్యం కుప్ప పక్కన పెట్టాడు. యూరియా, కాంప్లెక్సు ఎరువు, అగ్గితెగులు మందు రెండుసార్లు, దోమ మందు ఒకసారి. ఆ చీటీ మొత్తం మామూలు పద్ధతి చేసిన పక్కదే. రెండో పక్కకు, పేడను పులియబెట్టి చేసే జీవామృతం కోసం బెల్లం, శనగపిండి, తన కూలి. నెల్లూరు చలికి, తెల్లవారు మంచుకు అగ్గితెగులు ఎంత సహజమో, నత్రజని ఎక్కువైన చేలో అది ఎంత విజృంభిస్తుందో ఆ శాస్త్రవేత్తకు నాకంటే బాగా తెలుసు. ఆయన తన నోటుపుస్తకంలో రెండు బరువులూ రాసుకున్నారు, చీటీ మొత్తమూ రాసుకున్నారు. కాసేపాగి, ‘వచ్చే ఏడు ఇంకో మూడు పొలాలు చూపించగలరా?’ అని అడిగారు.

ఆ రోజు ఇంకోచోట తూచి, ఎక్కువ వచ్చిందని రాసుకుని ఉంటే ఆయన మళ్ళీ ఆ ఊరికి వచ్చేవారు కాదు. తక్కువ దిగుబడిని దాచకపోవడం వల్లే ఆయన మన మాట వినడం మొదలుపెట్టారు. మూడు పొలాలు తర్వాతి ఏడు ఆ కేంద్రం వారి సొంత క్షేత్ర పరీక్షగా మారాయి. దిగుబడితో పాటు ఖర్చు, నికర ఆదాయం అనే రెండు గడులు వాళ్ల నివేదికలో చేరాయి.

ఈ రెండు ప్రపంచాల మధ్య గోడ ఎందుకు ఉందో కూడా తెలుసుకోవాలి. మన రాష్ట్రంలో పురుగుమందులు లేని సాగు 2004-05 ప్రాంతంలో విస్తరించింది గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ ద్వారా, మహిళా స్వయం సహాయక సంఘాల ద్వారా. అంటే వ్యవసాయ శాఖ గుమ్మంలోంచి రాలేదు, పక్క గుమ్మంలోంచి వచ్చింది. 2016లో ప్రకృతి సేద్యం కార్యక్రమం రైతు సాధికార సంస్థ కింద మొదలైంది. ఆ సంస్థ ప్రభుత్వానిదే, కానీ సిబ్బంది వేరు, నివేదికలు వేరు, సమావేశాలు వేరు. దానివల్ల ఒక మేలు జరిగింది: పాత అలవాట్ల బరువు లేకుండా వేగంగా పనిచేయగలిగారు. లక్షల మంది రైతుల దగ్గరికి వెళ్ళారు. 2024లో ఆ కార్యక్రమానికి గుల్బెంకియన్ అనే అంతర్జాతీయ బహుమతి కూడా వచ్చింది. ఒక నష్టమూ జరిగింది: ‘అది వాళ్ల పని’ అనుకునే వెసులుబాటు మిగతా శాఖకు దొరికింది.

రెండు పక్షాలూ తప్పులు చేశాయని నా అభిప్రాయం. ప్రకృతి సేద్యానికి మొదట పెట్టిన ‘పెట్టుబడి లేని సాగు’ అనే పేరు రైతు కూలికి వెలకట్టలేదు. బెల్లం, పిండి, డ్రమ్ము, ఆవు మేత ఎవరో కొనాలి కదా. దిగుబడి అన్ని చోట్లా, అన్ని పంటల్లో మొదటి ఏడాది నుంచే పెరుగుతుందని చెప్పినవారు మన పనికి హాని చేశారు. మరోపక్క 2019లో జాతీయ వ్యవసాయ విజ్ఞాన అకాడమీ దీనికి నిరూపితమైన ఆధారం లేదని కేంద్రానికి తెలియజేసింది. ఆధారం అడగడం న్యాయమే. ఆధారం సేకరించాల్సిన క్షేత్రాలు, ప్రయోగశాలలు, జీతాలు ఉన్నవారు ‘లేదు’ అని ఊరుకోవడం న్యాయం కాదు. రైతు తన ఎకరన్నరలో గట్టు వేసి చూపించగలిగినప్పుడు, వందల ఎకరాలున్న పరిశోధనా స్థానం ఒక మూల పదేళ్లు అలాంటి మడి నడిపి చూపించవచ్చు.

ఇప్పుడు పరిస్థితి కొంత మారింది. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం 2,481 కోట్లతో జాతీయ ప్రకృతి సేద్యం మిషన్‌ను ఆమోదించింది. కోటి మంది రైతులు, 7.5 లక్షల హెక్టార్లు, 15,000 క్లస్టర్లు అన్నది దాని లక్ష్యం. మీకు అందులో అక్కరకొచ్చే మాట ఒక్కటే: కృషి విజ్ఞాన కేంద్రాల్లో, వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో నమూనా క్షేత్రాలు ఉండాలని అందులో రాశారు. ‘ఇది వేరే విభాగం పని’ అనేవారికి మర్యాదగా ఆ ఉత్తర్వు ప్రతి చూపించండి.

లక్ష్యం అన్నాను కనుక నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఒక ఏడాది నాకు మండలానికి ఇన్ని ఎకరాలని అంకె వచ్చింది. నెలాఖరుకు నివేదిక పంపాలి. శిక్షణకు ఒక్కసారి వచ్చి, జీవామృతం కలుపుకునే రాయితీ డ్రమ్ము తీసుకెళ్లిన ప్రతి రైతు పేరూ, అతని మొత్తం భూమీ జాబితాలో రాశాను. అంకె నిండింది. మరుసటి ఏడు పరిశీలన బృందం వచ్చి ‘ఈ పొలాలు చూపించండి’ అంది. డ్రమ్ముల్లో కొన్ని ఇళ్లల్లో నీళ్లు నింపుకుని కనిపించాయి. నిజంగా చేస్తున్న పదిహేను మంది రైతుల మాట కూడా ఆ రోజు నమ్మకం కోల్పోయింది. వాళ్లలో ఒకావిడ నాతో, ‘మా పేరు వాళ్ల పేర్లతో ఎందుకు కలిపారు సారూ’ అంది. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. మీకూ అంకె వస్తుంది. చేసినవారిని, చూడటానికి వచ్చినవారిని వేర్వేరు పుటల్లో రాయండి. అంకె తగ్గితే మందలింపు ఒక నెల ఉంటుంది.

మంచి పద్ధతి కూడా ఎలా తగ్గిపోతుందో శ్రీ వరి (తక్కువ విత్తనంతో, లేత నారును ఎడంగా నాటే పద్ధతి) చరిత్ర చెబుతుంది. మడగాస్కర్‌లో పుట్టిన ఆ పద్ధతిని మన రాష్ట్రానికి తెచ్చింది విశ్వవిద్యాలయమే. అప్పటి విస్తరణ సంచాలకులు డాక్టర్ అలపాటి సత్యనారాయణ శ్రీలంకలో చూసి వచ్చి, 2003 ఖరీఫ్‌లో జిల్లా జిల్లాకూ రైతు పొలాల్లో పక్కపక్కనే మడులు వేయించారు. 8–12 రోజుల లేత నారు, 25 సెంటీమీటర్ల ఎడం, ఎకరానికి రెండు కిలోల విత్తనం. ముప్పై కిలోలు చల్లడం అలవాటైన నెల్లూరు రైతు మొదటి పది రోజులు ఆ బోసి మడి చూసి నా మీద కోపగించుకున్నాడు. నలభై రోజులకు పిలకలు లెక్కపెట్టుకుని ఊరంతా పిలిచి చూపించాడు. అయినా కొన్నేళ్లకు చాలా ఊళ్లలో అది తగ్గిపోయింది. ఎందుకు? గుర్తులు గీసే పరికరం, కలుపు తిప్పే వీడరు పక్క ఊళ్లో ఉంటే, లేత నారు పట్టుకోవడం వచ్చిన కూలీలు ఇంకో ఊళ్లో ఉంటే, నీరు వంతుల వారీగా కాలువలో వస్తే, రైతు ఎన్నాళ్లు చేయగలడు? పద్ధతి మంచిదైతే చాలదు. దాని చుట్టూ విత్తనం, పనిముట్టు, మనిషి, నీటి వంతు కూడా మారాలి. వానలకు ముందు పలు రకాల గింజలు కలిపి చల్లే నవధాన్యాల పద్ధతిని మీరు రైతులకు చెప్పేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

ఇక మీ కనిగిరి నేలలకు వద్దాం. అక్కడి ఎర్ర నేలల్లో సేంద్రియ కర్బనం ఎంతుందో మీ భూసార పరీక్ష పత్రాల్లో చూసే ఉంటారు. 0.5 శాతం కంటే తక్కువ ఉంటే ‘తక్కువ’ అని ముద్ర పడుతుంది. మీ గ్రామంలో పత్రాలన్నీ ఒకచోట పేర్చి చూడండి, ఎక్కువ భాగం ఆ గడిలోనే ఉంటాయి. మీ పై అధికారితో మాట్లాడటానికి అదే మంచి ఆరంభం. ‘ప్రకృతి సేద్యం చేయిద్దాం’ అని మొదలుపెట్టకండి. ‘సర్, మన పరీక్షలే కర్బనం లేదంటున్నాయి, దీన్ని పెంచడానికి మూడు పొలాల్లో ఒక ప్రయత్నం చేస్తాను’ అనండి. ఏ అధికారీ కాదనడు.

ప్రయత్నం ఏమిటంటే, వానలకు ముందే పొడి దుక్కిలో నవధాన్యాలు. సజ్జ, జొన్న, అలసంద, ఉలవ, అనుము, ఆముదం, గోగు, నువ్వు, మీ దగ్గర దొరికేవన్నీ. విత్తనానికి బంకమట్టి, ఘన జీవామృతం (జీవామృతం పొడి రూపం), బూడిద పట్టించి ఆరబెట్టి చల్లితే చిన్న జల్లుకు తొందరపడి మొలిచి ఎండిపోకుండా కొంత కాపాడుకోవచ్చు. ఆ తర్వాత కంది. ఈ పద్ధతిలో నేను చూసిన అసలు మేలు దిగుబడి కన్నా ముందు నేల మీద కనిపిస్తుంది. నూనె డబ్బా ఒకటి తీసుకుని పైనా కిందా కోయించండి. రెండంగుళాలు నేలలోకి దించి లీటరు నీళ్లు పోసి ఫోనులో సమయం చూడండి. బోసిగా ఎండిన చేలో, పచ్చగా కప్పి ఉంచిన చేలో ఆ నీరు ఇంకే సమయం ఎంత తేడా ఉందో రైతు తన కళ్లతో చూస్తాడు. ఇది భూసార పత్రంలోని 12 అంశాల్లో లేదు. మీ నోటుపుస్తకంలో ఉండాలి. అదే మీ శాస్త్రవేత్తకు కొత్త ప్రశ్న అవుతుంది.

అక్కడే అడ్డంకులూ ఉన్నాయి, ముందే చెబుతున్నాను. వేసవిలో ఆ చేలన్నీ జీవాలకు మేత బీళ్లు. మీరు ఏప్రిల్‌లో మొలిపించినది మందకు విందు అవుతుంది. కాపరులను శత్రువులుగా చూడకండి. మన నెల్లూరు గొర్రె కాపరులు చేలల్లో మంద కట్టి ఎరువు చేసే పద్ధతి ఏ పథకమూ పెట్టకముందు నుంచీ ఉంది. రెండు రాత్రులు మంద కట్టిన చేను ఎలా ఉంటుందో ఊళ్లో ఎవరినైనా అడగండి. కాపరితో ఒప్పందం చేసుకోండి: ఏ చేలల్లో జూన్ దాకా దిగకూడదు, దానికి బదులు ఏ చేలల్లో కోత తర్వాత మంద కట్టించి ధాన్యమో డబ్బో ఇస్తారు. నేను ఒక ఊళ్లో ఈ ఒప్పందం రచ్చబండ దగ్గర చేయించాను. పెద్దలు సాక్షిగా ఉన్నారు గనుక నిలిచింది.

కౌలు రెండో అడ్డంకి. ఏటా భూమి మారే కౌలురైతు మూడేళ్ల తర్వాత బాగుపడే నేల కోసం ఎందుకు శ్రమపడాలి? అతనికి ఆ ఏడాదే ఖర్చు తగ్గే పనులు చెప్పండి. నేలను పెంచే పనులు సొంత భూమి ఉన్నవారితో మొదలుపెట్టండి. జీవామృతానికి నాటు ఆవు లేదని ఎవరినీ వెనక్కి పంపకండి. ఒంగోలు గిత్తకు పేరున్న జిల్లాలోనే ఇప్పుడు ఇంటింటా గేదెలు ఉన్నాయి. గేదె పేడతో జీవామృతం చేసి పంట తీసినవారిని నేను చూశాను. 200 లీటర్ల నీటికి పది కిలోల పేడ, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి, రెండు రోజులు పులియబెట్టడం. ఆ డ్రమ్ము రోజూ కలిపేది ఎవరో కూడా చూడండి. నేను చూసినంతలో ఆడవాళ్లే. శిక్షణకు పిలిచేది మగవాళ్లను, పని చేసేది వీళ్లు. శిక్షణ సమయం వాళ్లకు వీలుగా పెట్టండి.

పంట పోయిన సంగతి చెబుతానన్నాను. 2021-22లో మిరపకు నల్ల తామర పురుగు వచ్చిన ఏడాది, నేను ఒక రైతుకు కషాయాలు సరిపోతాయని ధైర్యం చెప్పాను. సరిపోలేదు. పూత మొత్తం రాలిపోయింది. పక్క చేలో పదిసార్లు మందులు కొట్టినవారి పంటా పోయింది, నిజమే. కానీ అతను పక్క చేను చూసి ఊరట పొందలేదు, నా ముఖం చూసి ఏడ్చాడు. కొత్త పురుగు వచ్చినప్పుడు ఎవరికీ తెలియదని చెప్పి ఉండాల్సింది. అందుకే మీకు గట్టిగా చెబుతున్నాను: మిరప, పత్తి, పొగాకు వంటి పెద్ద అప్పు మీద నడిచే పంటలతో ఎప్పుడూ మొదలుపెట్టవద్దు. కంది, సజ్జ, కొర్ర, వరి, ఇంటి పెరడుతో మొదలుపెట్టండి. మాట ఇవ్వవద్దు. కొద్ది భూమిలో, రైతు నష్టాన్ని భరించగలిగినంతలో, గట్టుకు అటూ ఇటూ పెట్టి చూడమనండి.

ఎరువుల బస్తాల సంగతి. మీ కేంద్రంలో యూరియా అమ్మడం మీ ఉద్యోగ ధర్మం. ఇవ్వనని రైతుతో గొడవపడకండి, మనసు చంపుకుని అమ్ముతున్నాననీ అనుకోకండి. ఆకు రంగు పట్టిక ఒకటి కౌంటరు దగ్గర ఉంచుకోండి. మూడో బస్తాకు వచ్చిన వరి రైతుతో ఒక ఆకు తెమ్మనండి. ఆకు ఇంకా ముదురు పచ్చగా ఉంటే ‘వారం ఆగి రండి’ అనండి. చాలామంది తిరిగి రారు. బస్తా 45 కిలోలు, అందులో నత్రజని 46 శాతం. ఆ వారం ఆగిన బస్తాలన్నీ ఏడాది చివర లెక్కవేస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది.

మీరు కూర్చోవాల్సిన కుర్చీలు ఇవి. మీకు దర్శి కృషి విజ్ఞాన కేంద్రం, విశ్వవిద్యాలయం వారి ఒంగోలు ఏరువాక కేంద్రం ఉన్నాయి. కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రీయ సలహా సంఘంలో రైతులకూ చోటు ఉంటుంది. మీ దగ్గర నిజంగా చేస్తున్న రైతు ఒకరు, వీలైతే మహిళా రైతు, అక్కడ కూర్చునేలా చూడండి. ఆమె అడిగే ప్రశ్నకు ఉండే బరువు మీ ప్రశ్నకు ఉండదు. జోనల్ సమావేశానికి మీ జిల్లా గుంటూరు దగ్గరి లాం పరిశోధనా స్థానం వైపు కృష్ణా జోన్‌లో, నెల్లూరు తిరుపతి వైపు దక్షిణ జోన్‌లో ఉంటాయి. ఖరీఫ్‌కు ముందు, రబీకి ముందు జరిగే ఆ సమావేశాలకు శాఖ తరఫున క్షేత్ర సమస్యలు పంపాలి. ఎవరూ శ్రద్ధగా పంపరు. మీరు సహాయ సంచాలకుల ద్వారా ఒకే ఒక్క సమస్య, ఒక్క పేజీలో, రెండేళ్ల లెక్కలతో పంపండి. ‘ప్రకృతి సేద్యాన్ని సిఫారసు చేయండి’ అని రాస్తే పక్కన పెడతారు. ‘వానకు ముందు నవధాన్యాలు వేసిన చేలో కందికి ఎరువు మోతాదు ఎంత తగ్గించవచ్చు?’ అని రాస్తే అది పరిశోధన ప్రశ్న అవుతుంది, ఎవరో ఒక యువ శాస్త్రవేత్త చేతికి వెళ్తుంది. పంటల రుణ పరిమితి నిర్ణయించే జిల్లా సాంకేతిక కమిటీ ఇంకో చోటు. ఖర్చు ఎక్కువ చూపిన పంటకే అప్పు ఎక్కువ దొరికే లెక్క అది. మిశ్రమ పంటల రైతుకు అక్కడ అన్యాయం జరుగుతోంది. ఆ విషయం మీ స్థాయిలో తేలదు, కానీ మీ రైతుల ఖర్చు లెక్కలు లేకుండా ఎవరి స్థాయిలోనూ తేలదు.

స్వచ్ఛంద సంస్థల్లో గొప్పవారు ఉన్నారు, వారి దగ్గరే నేను చాలా నేర్చుకున్నాను. కానీ వారి ప్రాజెక్టుకు గడువు ఉంటుంది. మీరు వారిని మీ గ్రామానికి పిలవవచ్చు, మీ రిజిస్టర్ వారికి చూపవచ్చు. మీ కుర్చీలో మీరు లేకపోతే ఆ రిజిస్టర్ రాసేవారు ఉండరు. ఒకవేళ బదిలీ అయితే మూడు నోటుపుస్తకాలు చేయండి: ఒకటి మీకు, ఒకటి తర్వాత వచ్చేవారికి, ఒకటి రైతు ఇంట్లో. నేను వదిలి వచ్చిన ఊళ్లలో నిలిచినవి మూడో పుస్తకం ఉన్న ఊళ్లే.

మొదట ఆ మూడు పొలాలు ఎంచుకుని సర్వే నంబర్లు, కర్బనం శాతం, డబ్బా పరీక్ష సమయం రాసి పెట్టుకోండి. దర్శి వెళ్ళేటప్పుడు ఆ కాగితం వెంట ఉంచుకోండి. అలసంద, అనుము విత్తనం ఊళ్లో దొరకకపోతే రాయండి. ఉలవపాడులో మా ఇంట్లో కిందటేడు మామిడి చెట్ల మధ్య పండించినవి పది కిలోల దాకా బూడిద కలిపి డబ్బాల్లో పోసి ఉంచాను. ఒంగోలు బస్సుకు వేసి పంపిస్తాను.